నెబ్రాస్కా 43వ శాసన నియోజకవర్గం: జనం తగ్గేకొద్దీ పెరిగే నేల, మారుతున్న ప్రాతినిధ్యం

ఇసుకగుట్టల వైద్యుడు:

సభ్యులకు నమస్కారం. అమెరికా రాజకీయాల గురించి మనం మాట్లాడుకునేదంతా వాషింగ్టన్ చుట్టూనే తిరుగుతుంటుంది కాబట్టి, ఆరేళ్ళుగా నేను ఉంటున్న చోటు గురించి కొంత రాసి, తెలిసినవారి అభిప్రాయాలు అడుగుదామనుకుంటున్నాను. నేను నెబ్రాస్కా ఉత్తర భాగంలో, శాండ్‌హిల్స్ అని పిలిచే ఇసుకగుట్టల ప్రాంతంలో, ఒక చిన్న ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేస్తున్నాను. పైన గడ్డి, కింద ఇసుక, ఆ ఇసుక కింద ఎంత తోడినా తరగదనిపించే నీరు, కనుచూపు మేర ఆవులు. రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు నేల ఇలాగే ఉంటుంది.

మా ప్రాంతం రాష్ట్ర శాసనసభలో 43వ నియోజకవర్గం కిందికి వస్తుంది. దాని నడిబొడ్డున ఉన్న చెర్రీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) విస్తీర్ణం దాదాపు 6,000 చదరపు మైళ్ళు, అంటే సుమారు 15,400 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఐదింట నాలుగు వంతులన్నమాట. ఆ అనంతపురం జిల్లాలో 2011 జనగణన నాటికి 40 లక్షల పైచిలుకు జనం ఉంటే, చెర్రీ కౌంటీలో 2020లో లెక్కకు వచ్చినవారు 5,455 మంది. కౌంటీ ఎంత వెడల్పంటే, దాని పడమటి భాగంలో గడియారాలు తూర్పు భాగం కంటే గంట వెనక నడుస్తాయి.

ఈ నేల ఎప్పుడూ ఇంత ఖాళీగా లేదు. 1904లో వచ్చిన కింకెయిడ్ చట్టం పశ్చిమ నెబ్రాస్కాలో ఒక్కొక్క కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చింది. దానితో జనం వచ్చారు, 1920 నాటికి ఈ కౌంటీలో పదకొండు వేల మందికి పైగా ఉండేవారు. ఇసుక మీద 640 ఎకరాలతో సంసారం సాగదని తెలిసిన తరువాత ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్ళిపోయారు. నిలిచినవారి గడ్డి భూములు పెద్దవయ్యాయి, పక్కింటి దీపం మరింత దూరమైంది.

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన మొన్న అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆయన చిన్నతనంలో రాష్ట్ర శాసనసభ్యుడు తమకు ముఖపరిచయమున్న మనిషట. ఇప్పుడు ఒక్కొక్క జనగణన తరువాత నియోజకవర్గం హద్దు మరింత దూరం జరుగుతూ పోతున్నదట. జనం సమానంగా ఉండాలన్న సూత్రం మంచిదే అయినా, అది ఇటువంటి చోట ప్రాతినిధ్యాన్ని ఏం చేస్తున్నది? గత ఇరవై ఏళ్ళలో ఈ స్థానం నుంచి ఎవరెవరు వెళ్ళారు, ఏం చేశారు? ఇక్కడ లింకన్‌లోనూ ఒమాహాలోనూ ఉన్న సభ్యులు కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను.


లింకన్ నివాసి:

వైద్యుడు గారూ, మంచి విషయం ఎత్తారు. చదివేవారికి ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. నెబ్రాస్కాలో రాష్ట్ర శాసనసభకు ఒకే సభ ఉంది, అందులో సభ్యులను సెనేటర్లు అంటారు. వాషింగ్టన్‌కు వెళ్ళే ఇద్దరు సెనేటర్లు వేరు. మిగిలిన 49 రాష్ట్రాల్లోనూ రెండేసి సభలున్నాయి. 1934కు ముందు ఇక్కడ కూడా 100 మందితో ఒకటి, 33 మందితో ఒకటి ఉండేవి. కరవుతో, అప్పులతో జనం నలిగిపోతున్న ఆ రోజుల్లో జార్జ్ నారిస్ అనే నాయకుడు ఊరూరా తిరిగి, ఒకే పనికి రెండు సభలెందుకని, రెండు సభల మధ్య మూసిన తలుపుల వెనక కూర్చునే ఉమ్మడి సంఘానికి (కమిటీకి) ఎవరూ జవాబుదారీ కాకపోతే ఎలాగని ప్రచారం చేశాడు. ప్రజలు ఒప్పుకున్నారు. 1937లో 43 మందితో కొత్త సభ కొలువుదీరింది, 1965 నుంచి అది 49 అయింది. పార్టీ పేర్లు ఓటుపత్రం మీద ఉండవు. ప్రాథమిక ఎన్నికలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవారు, ఇద్దరూ ఒకే పార్టీ వారైనా సరే, నవంబరులో తలపడతారు.

43వ స్థానం సంగతికొస్తే, జిమ్ జోన్స్ తరువాత 2005 జనవరిలో డెబ్ ఫిషర్ సభలో అడుగుపెట్టారు. చెర్రీ కౌంటీ కేంద్రమైన వాలెంటైన్ దగ్గర పశువుల పెంపకం చేసే కుటుంబం ఆమెది. సభలోని రవాణా సంఘానికి అధ్యక్షత వహించి, 2011లో రాష్ట్ర అమ్మకం పన్నులో డాలరుకు పావు సెంటును రోడ్లకు ప్రత్యేకించే చట్టాన్ని నెగ్గించారు. ఊరికీ ఊరికీ నడుమ యాభై మైళ్ళున్న చోటు నుంచి వచ్చిన మనిషి రోడ్ల మీద పట్టుబట్టడం సహజమే. 2012లో ఆమె జాతీయ సెనేట్‌కు ఎన్నికై వెళ్ళారు. ఆమె తరువాత హయానిస్‌కు చెందిన పశుపాలకుడు ఆల్ డేవిస్ నాలుగేళ్ళు, ఆయనను 2016లో ఓడించిన టామ్ బ్రూవర్ ఎనిమిదేళ్ళు ఉన్నారు. ఇప్పుడు, అంటే 2025 జనవరి నుంచి, అంతకు ముందు చెర్రీ కౌంటీ కమిషనర్‌గా పనిచేసిన తాన్యా స్టోరర్ ఉన్నారు.

ఒక చిన్న విశేషం: 2016లో డేవిస్, బ్రూవర్ ఇద్దరూ రిపబ్లికన్లే, 2020లో బ్రూవర్‌తో తలపడి ఓడిన స్టోరర్ కూడా రిపబ్లికనే. పార్టీ పేరు లేని ఎన్నిక అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ స్థానం చూడాలి. ఏ పార్టీ గెలుస్తుందన్న ఉత్కంఠ లేదు కాబట్టి పోటీ లేదనుకుంటే పొరపాటు.


ఒమాహా తెలుగు:

పెద్దాయన బాధ నాకు అర్థమవుతుంది గానీ, నాకు అందులో అన్యాయమేమీ కనబడటం లేదు. 2020 జనగణనలో రాష్ట్ర జనాభా 19,61,504. దానిని 49తో భాగిస్తే స్థానానికి 40,031 మంది. డగ్లస్, లంకాస్టర్, సార్పీ అనే మూడు కౌంటీల్లోనే 56 శాతం జనం ఉన్నారు, అందువల్ల 27 స్థానాల పైచిలుకు ఇక్కడికి రావడం లెక్క ప్రకారం సరైనదే. శాసనసభ్యులు మనుషులకు ప్రతినిధులు గానీ చెట్లకూ ఎకరాలకూ కాదని 1964లో అమెరికా సుప్రీంకోర్టు రేనాల్డ్స్ కేసులో చెప్పిన మాటను కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. ఒమాహాలో ఒక అపార్ట్‌మెంటులో ఉండే మనిషి ఓటు, వెయ్యి ఆవులున్న మనిషి ఓటు కంటే తక్కువ బరువు తూగాలా?


ఇసుకగుట్టల వైద్యుడు:

తూగకూడదు, ఒప్పుకుంటాను. కానీ నేనడిగింది ఓటు బరువు గురించి కాదు. 40,031 మందిని కూడగట్టడానికి చెర్రీ కౌంటీ లాంటివి ఏడుకు పైగా కావాలి. దగ్గర్లోని ఆర్థర్, బ్లెయిన్, మెక్‌ఫర్సన్ కౌంటీల్లో ఒక్కొక్క దానిలో ఐదు వందల మంది కూడా లేరు. ఓటు బరువు సమానంగా ఉన్నా, ఆ ఓటు వేసిన మనిషి తన ప్రతినిధి మొహం చూడటానికి పడే శ్రమ సమానంగా లేదు. మీ సెనేటర్ ఒక సాయంత్రం సైకిల్ మీద తన నియోజకవర్గం తిరిగి రావచ్చు. మా సెనేటర్‌కు ఒక కొస నుంచి మరో కొసకు కారులో వెళ్ళడానికే పూట పడుతుంది, ఆ తరువాత రాజధాని లింకన్ చేరాలంటే వాలెంటైన్ నుంచి సుమారు 300 మైళ్ళు ఉంటుంది.


రాజనీతి పాఠకుడు:

నేను హనుమకొండలో రాజనీతి శాస్త్రం బోధించి విరమించాను; నెబ్రాస్కా ఏకసభ వ్యవస్థ గురించి తరగతిలో ఏటా చెప్పేవాణ్ణి, అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. వైద్యుడు గారి ప్రశ్నకు నెబ్రాస్కా ప్రజలే ఒకసారి సమాధానం చెప్పాలని చూశారు. 1962లో రాజ్యాంగ సవరణ ద్వారా, హద్దులు గీసేటప్పుడు జనాభాకే ప్రాధాన్యమిస్తూనే విస్తీర్ణానికి 20 నుంచి 30 శాతం వరకూ బరువు ఇవ్వవచ్చునని రాసుకున్నారు. అంటే ఖాళీ నేలకు కూడా కొంత ఓటు ఇచ్చినట్టే. పట్టణ మునిసిపాలిటీల సంఘం కోర్టుకు వెళ్ళింది, 1964లో ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తేలిపోయింది. ఆ తరువాత హద్దులు తిరిగి గీయక తప్పలేదు.

నా దృష్టిలో ఆ తీర్పు న్యాయమైనదే, అయినా దాని వెనకనున్న కోరికను మూర్ఖత్వమని కొట్టిపారేయలేము. అంతకు ముందు అనేక రాష్ట్రాల్లో దశాబ్దాల తరబడి హద్దులు మార్చకుండా, పట్టణాలు పెరుగుతున్నా పల్లెల చేతిలోనే సభలను ఉంచుకున్నారు. ఆ తప్పును సరిదిద్దడానికి వచ్చిన సూత్రం, సహజంగానే, రెండో కొసకు వంగింది.


చెయెన్ బాటసారి:

పక్క రాష్ట్రం వ్యోమింగ్ నుంచి ఒక ఉదాహరణ. ఇక్కడి నయోబ్రారా కౌంటీలో అప్పట్లో 2,924 మంది ఉండేవారు. లెక్క ప్రకారం వారికి సొంత ప్రతినిధి రాకూడదు, కానీ ప్రతి కౌంటీకీ కనీసం ఒక ప్రతినిధి ఉండాలన్న పాత సంప్రదాయాన్ని బట్టి ఇచ్చారు. 1983లో సుప్రీంకోర్టు దానిని ఒప్పుకుంది కూడా. అయితే 1991లో మరో కేసులో ఫెడరల్ కోర్టు వ్యోమింగ్ పద్ధతి మొత్తాన్ని కొట్టివేసింది, కౌంటీకొక ప్రతినిధి అన్న మాట అక్కడితో పోయింది. నయోబ్రారా ఇప్పుడు పక్క కౌంటీలతో కలిసి ఓటు వేస్తుంది. ఆకాశం విరిగి పడలేదు.


లింకన్ నివాసి:

ఆకాశం విరిగి పడదు, కుర్చీ మాత్రం కదిలిపోతుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 43వ నియోజకవర్గపు కథలో అసలు మలుపు అదే.

2011లో హద్దులు తిరిగి గీసేటప్పుడు పశ్చిమాన ఉన్న 49వ స్థానాన్ని తీసి, రాష్ట్రం రెండో చివరన, ఒమాహాను ఆనుకుని పెరుగుతున్న సార్పీ కౌంటీలో పెట్టారు. షెరిడాన్ కౌంటీలోని ఎల్స్‌వర్త్‌కు చెందిన లిరాయ్ లౌడెన్ అనే పశుపాలకుడు అప్పటివరకూ ఆ స్థానం నుంచి ప్రతినిధి. ఆయన ప్రాంతం అక్కడే ఉంది, నంబరు మాత్రం నాలుగు వందల మైళ్ళు ప్రయాణం చేసింది. ఆ నేలలో కొంత భాగం 43లో కలిసింది, అలా పడమటనున్న షెరిడాన్ కౌంటీ కూడా చెర్రీ కౌంటీ సెనేటర్‌కే వచ్చింది. పదేళ్ళ తరువాత, 2021లో, రాష్ట్రం నడిమధ్యన ఉన్న 36వ స్థానానికి అదే గతి పట్టింది. అదీ సార్పీకే వెళ్ళింది.

ప్రతిసారీ ఒక సెనేటర్ తగ్గడమంటే ఒక ఓటు తగ్గడమే అని పైకి అనిపిస్తుంది. కానీ 49 మందిలో చర్చను ముగించి ఓటింగుకు తీసుకురావాలంటే 33 మంది కావాలి. కాబట్టి 17 మంది గట్టిగా నిలబడితే దేనినైనా ఆపవచ్చు. పల్లె ప్రాంతాల సెనేటర్లు ఇన్నాళ్ళూ ఆ 17తోనే తమ మాట నిలుపుకున్నారు. వారి సంఖ్య ఇరవైకి దిగువన ఉన్నప్పుడు ఒక్కొక్క కుర్చీకీ విలువ ఎక్కువ.


అనంత రైతుబిడ్డ:

ఇంతవరకూ జరిగిన చర్చలో డబ్బు సంగతి రాలేదు. నేను లింకన్‌లో గడ్డి భూముల యాజమాన్యంపై పరిశోధన చేస్తూ వేసవులన్నీ శాండ్‌హిల్స్‌లోనే గడిపాను. అక్కడ ఎవరి ఇంట కాఫీకి కూర్చున్నా మాట చివరికి ఆస్తి పన్ను దగ్గరే ఆగేది.

బడులకు రాష్ట్రం ఇచ్చే నిధుల పద్ధతి 1990లో వచ్చింది. ఒక బడి ప్రాంతానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, అందులోంచి అక్కడి ఆస్తుల మీద రాబట్టగలిగిన పన్నును తీసివేసి, మిగిలిన లోటును రాష్ట్రం భర్తీ చేస్తుంది. వినడానికి చక్కగానే ఉంటుంది. శాండ్‌హిల్స్‌లో పిల్లలు తక్కువ, భూమి ఎక్కువ. పంట భూమి, గడ్డి భూమి విలువను మార్కెట్ ధరలో 75 శాతంగా లెక్కిస్తారు కాబట్టి ఆ ధర పెరిగినప్పుడు, ఆవుల ధర పడిపోయి ఉన్నా సరే, కాగితం మీద ఆ ప్రాంతం ధనికంగా కనిపిస్తుంది. ధనిక ప్రాంతానికి లోటు ఉండదు కాబట్టి ఆ నిధి రాదు. మన వైపు చెప్పినట్టు, పేరు గొప్ప ఊరు దిబ్బ. బడి ఖర్చు మొత్తం భూమి యజమానులే మోయాలి. 2023లో ఒక్కొక్క విద్యార్థికి 1,500 డాలర్ల చొప్పున ప్రతి బడి ప్రాంతానికీ ఇచ్చే ఏర్పాటు రావడంతో పరిస్థితి కొంత మారింది గానీ, అందుకు మూడు దశాబ్దాలు పట్టిందన్నది గమనించాలి.

బడుల విషయంలోనే మరొకటి. ఒకే గది, ఒకే పంతులమ్మ ఉండే పల్లె బడులు ఈ రాష్ట్రంలో 2005 నాటికి ఇంకా రెండు వందలకు పైగా ఉండేవి. ఆ ఏడాది శాసనసభ, గవర్నర్ వీటోను కూడా తోసిపుచ్చి, వాటి ప్రత్యేక పాలనను రద్దు చేసి పెద్ద బడి ప్రాంతాల్లో కలిపేసింది. 2006 నవంబరులో రాష్ట్రమంతటా ప్రజాభిప్రాయ ఓటు జరిగితే ప్రజలు ఆ చట్టాన్ని తిరస్కరించారు. అప్పటికే విలీనం జరిగిపోయింది. గెలిచిన ఓటుకు తెరుచుకునే తలుపు మిగల్లేదు. దీనిని నాకు చెప్పిన ఆవిడ అటువంటి బడిలో చదువుకున్నారు. నేను వెళ్ళినప్పుడు ఆ గదిలో ఎండుగడ్డి కట్టలు పేర్చి ఉన్నాయి.


ఒమాహా తెలుగు:

రైతుబిడ్డ గారి వివరణ చదివిన తరువాత నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటాను. అయినా ఒక ప్రశ్న మిగిలింది. శాండ్‌హిల్స్ ప్రాతినిధ్యం అంటే పశుపాలకుల ప్రాతినిధ్యం అని మనమందరం అనుకుంటూ మాట్లాడుతున్నాం. షెరిడాన్ కౌంటీలో వైట్‌క్లే అనే చిన్న చోటు ఉంది. పదిమంది ఉండే ఆ ఊళ్ళో 2017 దాకా నాలుగు బీరు దుకాణాలు, ఏడాదికి దాదాపు 35 లక్షల డబ్బాల అమ్మకం ఉండేవి. ఎవరికి? రాష్ట్ర సరిహద్దుకు అవతల, మద్యం నిషేధించిన పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో (ఆదిమ తెగకు కేటాయించిన ప్రాంతంలో) ఉండే లకోటా ప్రజలకు. తాగి రోడ్ల పక్కన పడి ఉన్నవారి సంగతి రాష్ట్రమంతా దశాబ్దాల తరబడి తెలిసినదే. వారి తరఫున లింకన్‌లో ఎవరు మాట్లాడారు?


లింకన్ నివాసి:

సరైన ప్రశ్న. టామ్ బ్రూవర్ ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. ఆయన ఓగ్లాలా లకోటా తెగకు చెందినవారు, నెబ్రాస్కా శాసనసభకు ఎన్నికైన మొదటి ఆదిమ అమెరికన్. అఫ్ఘానిస్తాన్‌లో గాయపడిన విశ్రాంత సైనిక కల్నల్ కూడా. ఆయన సభలో అడుగుపెట్టిన 2017లోనే, ఏప్రిల్‌లో, రాష్ట్ర మద్య నియంత్రణ సంఘం ఆ నాలుగు దుకాణాల లైసెన్సులను పునరుద్ధరించడానికి నిరాకరించింది. దుకాణాలు మూతపడ్డాయి, సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులోనూ యజమానులకు చుక్కెదురైంది. ఇది ఒక్క సెనేటర్ ఘనత అని నేననను. ఏళ్ళ తరబడి పోరాడినవారు వేరే ఉన్నారు.

ఆయనను ఒక మూసలో పెట్టడం కష్టం. అనుమతి పత్రం లేకుండా తుపాకీని దాచి తీసుకువెళ్ళడాన్ని అనుమతించే 2023 నాటి చట్టం ఆయనదే. శాండ్‌హిల్స్ మీదుగా 225 మైళ్ళ విద్యుత్ తీగ వేయాలన్న ప్రణాళికనూ, గాలిమరలనూ గట్టిగా వ్యతిరేకించినవారూ ఆయనే. ఆ గడ్డి ఒకసారి చెదిరితే ఇసుక లేస్తుంది, లేచిన ఇసుక మళ్ళీ కుదురుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ తీగ వ్యవహారం 2020లో ఫెడరల్ కోర్టులో అప్పటికి ఆగింది. ఒక అరుదైన పురుగు మనుగడకు సంబంధించిన అనుమతి పత్రం చెల్లదని న్యాయమూర్తి తేల్చారు. నాకు ఆయన ఓట్లలో సగం నచ్చవు. ఆ నేల ఎలా ఉంటుందో తెలిసిన మనిషి మాట్లాడుతున్నాడన్న విషయంలో మాత్రం ఎన్నడూ అనుమానం కలగలేదు.


రాజనీతి పాఠకుడు:

ఆయనకు ముందున్న డేవిస్ ఎందుకు ఓడిపోయారన్నది కూడా ఆలోచించదగినది. 2015 మే నెలలో నెబ్రాస్కా శాసనసభ మరణశిక్షను రద్దు చేస్తూ గవర్నర్ వీటోను 30-19 ఓట్లతో తోసిపుచ్చింది. కావలసినవి సరిగ్గా 30 ఓట్లు, అందులో డేవిస్ ఓటు ఒకటి. మరుసటి ఏడాది నవంబరులో ఓటర్లు మరణశిక్షను తిరిగి తెచ్చుకున్నారు, అదే రోజున 43వ నియోజకవర్గం డేవిస్‌ను ఇంటికి పంపింది. ఒక్క ఆ ఓటు వల్లనే ఓడారని అనడం తొందరపాటు అవుతుంది. నియోజకవర్గ మనోభావానికి ఎదురుగా ఓటు వేసే స్వేచ్ఛ ప్రతినిధికి ఎంతవరకు ఉంటుందన్న పాత ప్రశ్నకు మాత్రం ఇంత శుభ్రమైన ఉదాహరణ నాకు తరగతిలో ఎప్పుడూ దొరకలేదు. అప్పటికి నేను విరమించేశాను.


చెయెన్ బాటసారి:

కాలపరిమితి గురించి ఎవరూ మాట్లాడలేదేం? వరుసగా రెండుసార్లు, అంటే ఎనిమిదేళ్ళు. ఫిషర్‌కైనా బ్రూవర్‌కైనా పని ఒంటబట్టేసరికి దిగిపోయే సమయం వచ్చేసింది. నగరంలో ఆ లోటు పూడ్చే మనుషులు ఉంటారు, పల్లెలో ఎక్కడ దొరుకుతారు?


లింకన్ నివాసి:

ఆ నిబంధనను 2000లో ఓటర్లు ఆమోదించారు, 2006 నుంచి దాని వేటు మొదలైంది. ఒమాహా నుంచి 1971 మొదలు కూర్చున్న ఎర్నీ చేంబర్స్‌ను కదిలించడానికే అది వచ్చిందని ఇక్కడ అనుకోని మనిషి లేడు. ఆయన నాలుగేళ్ళు ఆగి మళ్ళీ గెలిచి వచ్చారు. గురి పెట్టింది ఒకరికి, తగిలింది పల్లె సెనేటర్లకు. మూడోసారికి అవకాశమివ్వాలన్న ప్రతిపాదనను 2012లో ఓటర్లు తిరస్కరించారు, అదే రోజున జీతం పెంచాలన్న ప్రతిపాదననూ తిరస్కరించారు. 1988లో నిర్ణయించిన ఏడాదికి 12,000 డాలర్ల జీతమే ఇప్పటికీ. దారి ఖర్చులు విడిగా ఇస్తారనుకోండి. అయినా వాలెంటైన్‌లో ఉద్యోగం చేసుకునే ముప్పై ఏళ్ళ మనిషి ఏడాదిలో సగం లింకన్‌లో గడుపుతూ ఆ జీతంతో ఎలా బతకాలి? అందుకే ఈ స్థానానికి భూమి ఉన్నవారో, పెన్షన్ ఉన్నవారో తప్ప మరొకరు రావడం కష్టం. ఫిషర్, డేవిస్ పశుపాలకులు, బ్రూవర్ విశ్రాంత సైనికుడు, యాదృచ్ఛికం అనుకోలేము.


గోదావరి గట్టు:

ఇదంతా చదువుతుంటే మన దగ్గర రాబోయే నియోజకవర్గాల పునర్విభజనే గుర్తుకు వస్తున్నది. 1976 నుంచి లోక్‌సభ స్థానాల రాష్ట్రాల వాటా 1971 జనాభా మీదే ఆగి ఉంది. 2001లో చేసిన 84వ సవరణ దానిని 2026 తరువాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. జనాభాను అదుపు చేసుకున్న దక్షిణాది రాష్ట్రాలు ఇప్పుడు శాండ్‌హిల్స్ గతే పడతాయేమో! పైగా ఉత్తరాదివారు మనల్ని


నిర్వాహకుడు:

గోదావరి గట్టు గారూ, పోలిక ఆసక్తికరమే గానీ ఆ అంశంపై వేరే చర్చ ఇప్పటికే నడుస్తున్నది, మీ వ్యాఖ్యలో మిగిలిన భాగాన్ని అక్కడికి మార్చాను. ఇక్కడ నెబ్రాస్కా విషయానికే పరిమితమవుదాం.


రాజనీతి పాఠకుడు:

నిర్వాహకుల అనుమతితో ఒక్క వాక్యం: అక్కడ జనం ఊళ్ళు విడిచి వెళ్ళిపోవడం వల్ల కుర్చీ పోయింది, ఇక్కడ పిల్లలను తక్కువగా కన్నందుకు పోతుందన్న భయం, రెండింటికీ మందు ఒకటే కానక్కరలేదు.


ఒమాహా తెలుగు:

వైద్యుడు గారూ, మిమ్మల్ని ఒకటి అడగవచ్చా? మీకు ఓటు ఉందా?


ఇసుకగుట్టల వైద్యుడు:

లేదు. నేను ఇంకా వీసా మీదే ఉన్నాను. కానీ 2020 జనగణనలో ఫారం నింపాను, అంటే ఆ 5,455 మందిలో నేనూ నా భార్యా పిల్లవాడూ ఉన్నాం. హద్దులు గీయడానికి ఓటర్లను గాక మొత్తం జనాన్ని లెక్కలోకి తీసుకోవచ్చునని 2016లో సుప్రీంకోర్టు టెక్సాస్ కేసులో చెప్పిన సంగతి నాకు తరువాత తెలిసింది. కాబట్టి మా సెనేటర్‌ను ఎన్నుకోవడంలో నాకు భాగం లేకపోయినా, ఆమె నియోజకవర్గపు హద్దును వెంట్రుకవాసి దగ్గరకు లాగినవాళ్ళలో మేమూ ఉన్నాం. పల్లె ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు వైద్యులు చాలామంది ఇదే స్థితిలో ఉన్నారు. ఇది గమనించిన తరువాతే నాకు ఈ విషయం మీద ఆసక్తి కలిగింది.


లింకన్ నివాసి:

ఓటు లేకపోయినా మాట ఉంది. నెబ్రాస్కాలో ప్రవేశపెట్టిన ప్రతి బిల్లుకూ బహిరంగ విచారణ జరిపి తీరాలి, సంఘం అధ్యక్షుడు తనకు నచ్చలేదని అటకెక్కించడానికి వీల్లేదు. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు, పౌరసత్వం అడగరు. రెండో సభ లేదు కాబట్టి ప్రజలే రెండో సభ అని ఇక్కడివారు చెప్పుకుంటారు. పల్లె ఆసుపత్రుల మీద ఏటా ఏదో ఒక బిల్లు వస్తూనే ఉంటుంది, మీవంటివారు వచ్చి చెబితే వింటారు.


ఇసుకగుట్టల వైద్యుడు:

రావాలనే ఉంది. రాను ఐదు గంటలు, పోను ఐదు గంటలు, మధ్యలో మూడు నిమిషాల మాట. ఆ రోజు మా ఆసుపత్రిలో నా స్థానంలో కూర్చోవడానికి మరో వైద్యుడు దొరకాలి. నా సంగతి అలా ఉంచండి. నేను మొదట చెప్పిన పెద్దాయనను మొన్న తిరిగి పరీక్షకు వచ్చినప్పుడు, ఆస్తి పన్ను బిల్లు మీద విచారణకు వెళ్ళారా అని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూశారు. సభ జనవరిలో మొదలవుతుంది. బేసి సంవత్సరాల్లో 90 పనిదినాలు, సరి సంవత్సరాల్లో 60. విచారణలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. ఆ రెండు నెలల్లోనే ఇక్కడ చాలా ఆవులు ఈనుతాయి. రాత్రి రెండు గంటలకు మంచులో లాంతరు పట్టుకుని తిరిగే మనిషి లింకన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మైకు ముందు ఎలా నిలబడతాడు?


అనంత రైతుబిడ్డ:

నిజం. దేశంలో మరే కౌంటీలోనూ లేనన్ని మాంసపు ఆవులు చెర్రీ కౌంటీలో ఉన్నాయి, వాటిలో చాలావాటి పురిటి కాలమూ శాసనసభ సమావేశాలూ ఒకేసారి. పంటలు పండించే తూర్పు భాగంలో చలికాలం తీరిక కాలం కాబట్టి ఆ తేదీలు వారికి సరిపోయాయి. గడ్డి మీద బతికేవారి పంచాంగం వేరు.


లింకన్ నివాసి:

ఇప్పుడు శాసనసభ వెబ్‌సైటులో బిల్లు నంబరు దగ్గరే వ్యాఖ్య రాసి పంపవచ్చు, విచారణ జరిగే రోజు ఉదయం గడువులోగా చేరితే అది అధికారిక రికార్డులో భాగమవుతుంది. వైద్యుడు గారూ, పెద్దాయనకు ఇంటర్నెట్ అలవాటు లేకపోతే మీ ఆసుపత్రి నిరీక్షణ గదిలో కూర్చోబెట్టి ఆయన చెప్పింది మీరు టైపు చేయండి. పేరు, చిరునామా ఆయనవే ఉండాలి, మాటలు కూడా ఆయనవే ఉండాలి.


ఇసుకగుట్టల వైద్యుడు:

చేస్తాను. ఆయన తదుపరి పరీక్ష ఫిబ్రవరి మూడో వారంలో ఉంది, ఆవులు ఒప్పుకుంటే వస్తానన్నారు.